తాళం వేసిన పేటను ఆశ్రయం అంటారా?

వెనిస్ యూదుల పేట ఫొటోలతో ఒక వాట్సాప్ సందేశం ఈమధ్య నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. సారాంశం ఇదీ: 1492లో స్పెయిన్ వెళ్లగొట్టాక యూదులు తొలిసారి ఇటలీ చేరారట. వెనిస్ జాలిపడి వాళ్లకో పేట ఇచ్చిందట. అక్కడ సినగాగులు, అంటే వాళ్ల ప్రార్థనామందిరాలు, కట్టుకుని హాయిగా బతికారట. 1943లో జర్మన్లు దిగేదాకా ఇటలీలో వాళ్లకు ఏ కష్టమూ రాలేదట. ఫొటోలు బాగున్నాయి. రాతే బాగాలేదు.

ముందు ఆ "తొలిసారి" సంగతి. క్రీ.పూ. 59లో రోమన్ వక్త సిసిరో రోమ్‌లో ఒక కేసు వాదిస్తూ, అక్కడ గుమిగూడిన యూదుల గుంపును ఎత్తిపొడిచాడు. అంటే అంత పెద్ద లాయరుకే కంట్లో నలుసయ్యేంత మంది అప్పటికే ఆ ఊళ్లో ఉన్నారు. రోమ్ రేవుపట్టణం ఓస్తియాలో 1961లో విమానాశ్రయానికి రోడ్డు వేస్తుంటే ఒక పురాతన సినగాగు శిథిలాలు బయటపడ్డాయి. ఏడు కొమ్మల దీపస్తంభం అక్కడి రాతి మీద చెక్కి ఉంది. రోమ్ యూదుల ప్రార్థన పద్ధతి ఈనాటికీ అటు స్పెయిన్ వాళ్లతోనూ ఇటు జర్మనీ వాళ్లతోనూ కలవదు. వాళ్లది వాళ్లదే.

1492 గురించి రాసింది మరీ తలకిందులు. ఇటలీ దీవులైన సిసిలీ, సార్డీనియా అప్పుడు స్పెయిన్‌ను ఏలుతున్న అరగాన్ రాజు చేతిలోనే ఉండేవి. కాబట్టి వెళ్లగొట్టే ఉత్తర్వు అక్కడికీ వచ్చింది. తరతరాలుగా పాతుకుపోయిన సిసిలీ యూదులు ఊళ్లు ఖాళీ చేశారు. 1541 నాటికి నేపుల్స్ రాజ్యంలోనూ అదే జరిగింది. స్పెయిన్ నుంచి ఇటలీ చేరినవాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ సిసిలీ, సార్డీనియాలకు ఆ ఉత్తర్వు తెచ్చింది రాకడ కాదు, పోకడే. దక్షిణాన త్రానీ పట్టణంలో 13వ శతాబ్దపు సినగాగు ఒకటి చర్చిగా మారిపోయి, మళ్లీ ఈ శతాబ్దంలో గానీ యూదుల చేతికి రాలేదు.

ఇక వెనిస్ వారి జాలి. ఇక్కడ కాస్త ఆగాలి. 1509లో యుద్ధం వల్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది యూదులు నగరంలోకి పారిపోయి వచ్చారు. వాళ్లిచ్చే అప్పులు, కట్టే పన్నులు నగరానికి కావాలి, పక్కింట్లో మాత్రం వాళ్లు ఉండకూడదు. 1516 మార్చి 29న సెనేట్ తేల్చింది: అందరూ నాలుగు వైపులా కాలువలున్న ఒక దీవిలోకి వెళ్లాలి. అది ఒకప్పుడు లోహం పోతపోసిన చోటు. 'ఘెట్టో' మాట ఆ పోత పని నుంచే పుట్టిందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. రాత్రిళ్లు తలుపులకు తాళం. కాపలావాళ్లు క్రైస్తవులు, వాళ్ల జీతాలు కట్టాల్సింది యూదులు. కాలువలో గస్తీ పడవల ఖర్చూ వాళ్ల నెత్తినే. ఇల్లు కొనే హక్కు లేదు, అద్దె మాత్రం అంతకుముందు కన్నా మూడో వంతు ఎక్కువ. మన దగ్గర ఏ ఇంటాయనా ఇంత ధైర్యం చేయడు!

జనం పెరిగారు, దీవి పెరగలేదు. అందుకే ఇళ్లు ఏడెనిమిది అంతస్తులు లేచాయి. సందేశంలో "ముచ్చటైన మేడలు" అన్నది వీటినే. సినగాగులు కూడా ఇళ్ల పై అంతస్తుల్లోనే. 1528లో మొదలైన జర్మన్ యూదుల సినగాగును కింద నిలబడి చూస్తే వరసగా ఐదు పెద్ద కిటికీలు తప్ప గుర్తేమీ ఉండదు. ఆ పేట తలుపులు ఊడింది 1797లో, నెపోలియన్ సైన్యం వచ్చాక.

రోమ్‌లో పరిస్థితి ఇంకా ఇరుకు. 1555లో పోప్ నాలుగో పాల్ యూదులను గోడల మధ్య పెట్టి, ఒక్క సినగాగు భవనం చాలన్నాడు. వాళ్లు ఆ ఒక్క కప్పు కిందే ఐదు సినగాగులు నడిపారు. పోప్ పాలన 1870లో పోయాకే రోమ్ యూదులకు పూర్తి పౌరహక్కులు దక్కాయి. 1904లో కట్టుకున్న పెద్ద సినగాగుకు చతురస్రపు గుమ్మటం పెట్టారు. గుండ్రటి చర్చి గుమ్మటాల మధ్య అది ఎంత దూరం నుంచైనా తెలిసిపోతుంది. నిజంగా పిలిచి చోటిచ్చిన ఊరు కావాలంటే ఇటలీ రేవుపట్టణం లివోర్నో ఉంది: 1590లలో దాన్ని ఏలే మెడిచి వంశపు ప్రభువు హక్కుపత్రం రాసిచ్చాడు, ఘెట్టో పెట్టనే లేదు. సందేశం రాసినాయన ఊరు పొరబడ్డాడేమో.

చివరిది, జర్మన్లు వచ్చేదాకా కష్టం లేదన్న మాట. యూదు పిల్లలను బడుల నుంచి, పంతుళ్లను ఉద్యోగాల నుంచి గెంటేసిన చట్టాలు 1938 నాటివి. చేసింది ఇటలీ నియంత ముస్సోలినీ ప్రభుత్వం. ఆ ఏడాది చివర్లోనే భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ, భార్య యూదు కావడంతో, నోబెల్ అందుకోవడానికి స్టాక్‌హోమ్ వెళ్లి అటునుంచటే అమెరికా చేరాడు. 1943 అక్టోబర్ 16న రోమ్‌లో జర్మన్లు వెయ్యిమందికి పైగా యూదులను పట్టి ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపారు. తిరిగొచ్చింది 16 మంది. మఠాల్లో, ఇళ్లలో యూదులను దాచి కాపాడిన ఇటాలియన్లు చాలామంది ఉన్నారు, అదీ నిజమే. వెనిస్‌లో మాత్రం యూదుల జాబితా ఇమ్మన్నప్పుడు సంఘం పెద్ద, డాక్టర్ జుసెప్పే యోనా, అది ఇవ్వకుండా ప్రాణం తీసుకున్నాడు. అది 1943 సెప్టెంబర్. డిసెంబర్ 5 రాత్రి ఇళ్లు చుట్టుముట్టి అరెస్టులు చేసింది ఇటాలియన్ పోలీసులు.

సందేశంలో ఆఖరి ఫొటో కింద "గోడ మీద అందమైన కంచు శిల్పాలు" అని రాశారు. అవి అలా పట్టుకుపోయిన మనుషుల స్మారకం.