బడిలో కంటి పరీక్ష వద్దనే ఆ మెసేజీకి జవాబు

ఈ మెసేజీ మళ్లీ బయలుదేరింది. ఈసారి నాకు పంపినవాళ్లలో ఇద్దరు ఇంజనీర్లు, ఒక సైన్సు టీచరు కూడా ఉన్నారు. "బడిలో కంటి పరీక్షకు మీ పిల్లలను పంపకండి" అని శీర్షిక, కింద ఎనిమిది అంశాలు, ప్రతిదాని చివరా మూడేసి ఆశ్చర్యార్థకాలు. రాసినవారి పేరు లేదు. "ఒక ప్రముఖ వైద్యుడు చెప్పిన నిజాలు" అని మాత్రం ఉంది. ఒక్కొక్కరికీ విడివిడిగా సమాధానం రాసే ఓపిక అయిపోయింది కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను.

ఒకటో అంశం: అద్దాలు పెడితే కళ్లు బద్ధకిస్తాయి, ఏటేటా పవర్ పెరుగుతుంది.

పవర్ పెరిగే మాట నిజమే, కారణం అద్దాలు కావు. పుట్టినప్పుడు సుమారు 17 మిల్లీమీటర్లు ఉండే కనుగుడ్డు పెద్దయ్యేసరికి 24 దాకా పెరుగుతుంది. ఉండాల్సిన దానికన్నా ఒక్క మిల్లీమీటరు ఎక్కువ సాగినా రెండున్నర, మూడు డయాప్టర్ల (పవర్‌ను కొలిచే యూనిట్ల) మైనస్, అంటే దూరపువి మసకబారే లోపం, వచ్చి కూర్చుంటుంది. ఆ సాగడం ఎక్కువగా జరిగేది బడి వయసులోనే. అద్దాలు పెట్టుకున్న పిల్లవాడికీ పెరుగుతుంది, పెట్టుకోని పిల్లవాడికీ పెరుగుతుంది. రెండోవాడికి నల్లబల్ల కనిపించదు, అంతే తేడా. ఈ అనుమానం డాక్టర్లకు రాకపోలేదు. పూర్తి పవర్ ఇవ్వకుండా కాస్త తగ్గించి ఇస్తే కన్ను కుదుటపడుతుందేమోనని మలేసియాలో పరీక్షించి చూశారు. కొందరు పిల్లలకు కావాలనే 0.75 డయాప్టర్లు తగ్గించి అద్దాలిచ్చి రెండేళ్లు గమనించారు. 2002లో ఫలితాలు వచ్చాయి. పూర్తి పవర్ పెట్టుకున్నవాళ్లకు సగటున 0.77 డయాప్టర్లు పెరిగితే, తగ్గించి ఇచ్చినవాళ్లకు పూర్తిగా ఒక డయాప్టరు పెరిగింది. మన ప్రముఖ వైద్యుడి దాకా ఈ వార్త చేరినట్టు లేదు.

రెండో అంశం: ఇదంతా కళ్లద్దాల కంపెనీల కుట్ర.

బడిలో పరీక్షంటే ఆరు మీటర్ల దూరంలో గోడకు ఒక చార్టు, కన్ను మూసుకోవడానికి ఒక అట్టముక్క. 1862లో స్నెల్లెన్ అనే డచ్చి వైద్యుడు తయారుచేసిన చార్టు నమూనానే ఇప్పటికీ వాడుతున్నారు. నూట అరవై ఏళ్లుగా ఇంత చవకగా నడుస్తున్న కుట్ర ఇంకోటి ఉంటే చెప్పండి.

మూడో అంశం: టీచర్లకు కళ్ల గురించి ఏం తెలుసు?

వాళ్లు రోగం పేరు చెప్పరు, పవర్ రాయరు. ఫలానా వరుస చదవలేకపోయిన పిల్లలను వేరుచేసి నిపుణుల దగ్గరికి పంపుతారు. దానికి వైద్య పట్టా అక్కర్లేదు.

నాలుగో అంశం దగ్గర నా సహనం సన్నగిల్లింది. అది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: "పన్నెండేళ్లు దాటేదాకా అద్దాల జోలికి వెళ్లకండి. ఒక కన్ను మందగించినా రెండో కన్ను చూసుకుంటుంది. మెల్లకన్ను వయసుతోపాటు అదే సర్దుకుంటుంది."

మిగిలిన అంశాల్లో చాలావరకు ఉన్నది అజ్ఞానం. ఇందులో పిల్లల చూపు పోగొట్టే సలహా ఉంది.

చూడటం కన్ను ఒక్కదాని పని కాదు. కన్ను పంపే బొమ్మను చదవడం మెదడు నేర్చుకోవాలి, అది నేర్చుకునేది పసితనంలోనే. ఒక కన్ను స్పష్టమైన బొమ్మనూ రెండోది మసక బొమ్మనూ పంపుతుంటే, మెదడు మసకగా ఉన్నదాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కొన్నేళ్లు అలా గడిస్తే ఆ కన్ను ఆరోగ్యంగా ఉన్నా, తర్వాత ఎంత మంచి అద్దం పెట్టినా ఆ వైపు నుంచి స్పష్టమైన చూపు రాదు. లేజీ ఐ అని డాక్టర్లు అనేది దీన్నే. దీనికి మూలాలు హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు 1960ల్లో పిల్లికూనల మీద చేసిన ప్రయోగాల్లో దొరికాయి. పుట్టిన తొలి నెలల్లో ఒక కన్ను మూసి ఉంచి తర్వాత తెరిస్తే, కన్ను బాగానే ఉంది గానీ మెదడులో దానికి స్పందించే కణాలు దాదాపు లేవు. పెద్ద పిల్లులకు అలాగే మూసి తెరిస్తే ఏ నష్టమూ జరగలేదు. 1981లో వాళ్లిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. కంటికి వయసుతో పని ఉందని తేల్చినవాళ్లకు నోబెల్ వస్తే, లేదని తేల్చినందుకు ఈ మెసేజీకి వేల ఫార్వర్డులు వస్తున్నాయి.

"మా వాడికి ఏ ఇబ్బందీ లేదు, చక్కగా చదువుతున్నాడు, బంతి పట్టుకుంటున్నాడు" అంటారు. పట్టుకుంటాడు. బాగున్న కన్ను ఒక్కటి చాలు వాటికి. రెండో కంట్లో చూపు లేదని పిల్లవాడికే తెలియదు, ఇక మీకేం చెబుతాడు? బాగున్న కంటిని మూసి రెండోదానితో చదివించినప్పుడే బయటపడుతుంది. ఆ అట్టముక్క ఉన్నది అందుకే.

సకాలంలో పట్టుకుంటే దీనికి చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. మొదట సరైన అద్దాలు పెడతారు. కొందరికి వాటితోనే చూపు మెరుగుపడుతుంది. చాలనివాళ్లకు బాగున్న కంటి మీద రోజూ కొంతసేపు ప్యాచ్ అంటిస్తారు. లోపం ఒక మోస్తరుగా ఉన్న చిన్నపిల్లలకు రోజుకు రెండు గంటలు అంటించినా ఆరు గంటలు అంటించినా ఫలితం ఒకేలా ఉందని 2003లో అమెరికాలో తేలింది. రోజుకు రెండు గంటలే! అయితే ఏడేళ్లు దాటాక ఫలితం తగ్గుతూ పోతుంది, పన్నెండు దాటాక ఆశ ఇంకా తక్కువ. ఇప్పుడు ఆ సలహా మళ్లీ చదవండి. వైద్యం బాగా పనిచేసే వయసు లెక్కగట్టి, సరిగ్గా అది ముగిసిన మరునాడు డాక్టరు దగ్గరికి వెళ్లమంటోంది. తెలిసి రాసినా ఇంత కచ్చితంగా కుదరదు.

"రెండో కన్ను చూసుకుంటుంది" అట. ఆ రెండో కంటికే రేపు కర్ర గుచ్చుకుంటే? టపాసు పేలితే? అప్పుడు చూసుకోవడానికి మూడోది ఎక్కడుంది?

మెల్లకన్ను సంగతి. పుట్టిన మూడు నాలుగు నెలల దాకా పసిపాప కళ్లు అప్పుడప్పుడు పక్కకు పోవడం మామూలే. ఆ తర్వాత అదృష్టమనీ అందమనీ మురిసిపోవడానికి లేదు. అద్దాలతోనే సరిపడే మెల్ల ఉంటుంది, ఆపరేషన్ కావాల్సింది ఉంటుంది, లోపల శుక్లమో కంటి క్యాన్సరో దాక్కుని ఉండటం వల్ల వచ్చిందీ ఉంటుంది. ఏది ఏదో ఇంట్లో కూర్చుని తేల్చలేం.

ఐదో అంశం: పరీక్షకు వేసే చుక్కల వల్ల చూపు పోతుంది. కొన్ని గంటలు, కొన్ని మందులకైతే ఒక రోజు, దగ్గరివి మసకగా కనిపిస్తాయి, ఎండ చురుక్కుమంటుంది. అట్రోపిన్ అనే మందు వేస్తే ఇంకొన్నాళ్లు పట్టవచ్చు. పిల్లల కంటి కండరం చాలా చురుకైనది, దానికి కాసేపు విశ్రాంతి ఇవ్వకపోతే లేని మైనస్ చూపిస్తుంది, ఉన్న ప్లస్ దాచేస్తుంది. అక్కర్లేని అద్దాలు అంటగడతారని భయపడేవాళ్లు ముందు అడగాల్సింది ఈ చుక్కలే.

ఆరో అంశం ప్రాచీన విద్య పేరుతో ఉంది: ఉదయించే సూర్యుణ్ని రెప్ప వేయకుండా చూడాలి, అరచేతులతో కళ్లు మూసుకోవాలి, కళ్లలో తేనె, ఉల్లిరసం వేయాలి. చేతులతో కళ్లు మూసుకోండి, నాకు అభ్యంతరం లేదు. ఈ మెసేజీ వచ్చినప్పుడు నేనూ అదే చేస్తున్నాను. అయితే ఇదంతా ప్రాచీనమేమీ కాదు. అరచేతుల పద్ధతినీ సూర్యుణ్ని చూడటాన్నీ 1920 ప్రాంతంలో ప్రచారం చేసినవాడు విలియం బేట్స్ అనే న్యూయార్క్ వైద్యుడు. సూర్యుణ్ని చూస్తే కంటి లోపలి తెర, అంటే రెటీనా, నడిమి భాగం కాలిపోతుంది. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కాలినట్టు పిల్లవాడికి తెలియనే తెలియదు. ఇక ఆకుపసర్లు, రసాలు కంట్లో పోస్తే నల్లగుడ్డు మీద పుండ్లు పడి చివరికి తెల్లటి మచ్చలు మిగులుతాయి. బీద దేశాల్లో పిల్లల చూపు పోవడానికి ఇదీ ఒక కారణం. అంధత్వం నుంచి కాపాడతానంటూ వచ్చిన మెసేజీలో అంధత్వం తెచ్చే చిట్కా!

ఏడో అంశం: క్యారెట్ తింటే అద్దాలు పోతాయి, విటమిన్ ఎ ద్రావణం మాత్రం విషం. సాగిన కనుగుడ్డును క్యారెట్ కురచ చేయదు. విటమిన్ ఎ లోపం మాత్రం రేచీకటితో మొదలై నల్లగుడ్డును కరిగించేస్తుంది, తట్టు సోకితే ఇంకా వేగంగా. అలా చూపు పోయిన పిల్లల్లో సగం మంది ఏడాదిలోపే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందుకే ఆ లోపం ఎక్కువగా ఉన్నచోట ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు లక్ష యూనిట్లు ఒకసారి, ఆపైన ఐదేళ్లలోపు వారికి నాలుగు నుంచి ఆరు నెలలకోసారి రెండు లక్షల యూనిట్లు పోయమంటుంది. మోతాదు మీరితే హాని జరుగుతుందన్నది నిజమే కాబట్టి లెక్కపెట్టి పోస్తారు.

ఎనిమిదో అంశం: "బడిలో ఇన్నేళ్లుగా పరీక్షలు చేస్తున్నా పిల్లల్లో అంధత్వం పోలేదు."

ఇక్కడ ఆగాను. ఇది నిజం. రాసినవారికి ఎందుకు నిజమో తెలియకపోవచ్చు గానీ నిజం. పిల్లలను పూర్తిగా అంధులను చేసేవి పుట్టుకతో వచ్చే శుక్లం, నీటికాసులు, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకు రెటీనాలో వచ్చే జబ్బు, విటమిన్ ఎ లోపం, తట్టు, కంటి క్యాన్సర్. ఇవన్నీ ఎక్కువగా బడిలో చేరకముందే చేయాల్సిన నష్టం చేసేస్తాయి. చూపు పోయిన పిల్లవాడు మామూలు బడికి రానే రాడు, చార్టు ముందు నిలబడనే నిలబడడు. బడి పరీక్ష పట్టేది ముఖ్యంగా అద్దాలతో సరిపోయే లోపాన్నీ, ఆలస్యం కాకపోతే లేజీ ఐనీ. ఆ మేరకే దాని గొప్ప. అంధత్వ నివారణ అని బ్యానరు కట్టి, చార్టు చదివించి, చీటీ చేతికిచ్చి, అద్దాలు ఇవ్వకుండా వెళ్లిపోయే శిబిరాలను నేనూ సమర్థించను. చైనాలోని గన్సు, షాన్‌షీ ప్రాంతాల్లో 252 బడుల్లో జరిపిన పరిశీలన 2014లో వెలువడింది. అద్దాలు ఉచితంగా అందిన పిల్లలకు లెక్కల్లో మార్కులు పెరిగాయి. చీటీ చేతికిచ్చి పంపితే ఆ ఫలితం రాదు.

అసలైన అంధత్వాన్ని పట్టాల్సింది పుట్టిన వార్డులో, టీకాలు వేసేచోట, కంట్లోకి లైటు వేసి. ఇంట్లో మీ చేతిలో ఉన్నది ఫోను. ఫ్లాష్‌తో తీసిన పాప ఫొటోలో ఒక కంట్లో ఎర్ర చుక్క ఉండి, రెండో కంట్లో తెల్లటి మెరుపు కనిపిస్తే ఆ ఫొటోను ఏ గ్రూపులోనూ పెట్టి అడగకండి. అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.