చలానా కట్టినవాడే అమాయకుడా?

2023 డిసెంబర్ చివరి వారంలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు ఒక్కసారిగా కళకళలాడింది. పెండింగ్ ట్రాఫిక్ చలానాలపై తెలంగాణ ప్రభుత్వం రాయితీ ప్రకటించింది. ద్విచక్ర వాహనాలకు, ఆటోలకు 80 శాతం, కార్లకు, లారీలకు 60 శాతం, ఆర్టీసీ బస్సులకు, తోపుడు బండ్లకు 90 శాతం. పండగ బేరాల కబురులాగే ఆ లింకు ఇంటింటికీ పాకింది. దాచడమెందుకు, నా బండి మీదా మూడు చలానాలున్నాయి. రెండు హెల్మెట్‌వి, ఒకటి రాంగ్ రూట్‌ది. మూడూ అయిదోవంతు డబ్బుతో తీరిపోయాయి. మా పక్క ఫ్లాటు పెద్దాయన ముఖం మాత్రం చిన్నబోయింది. చలానా వచ్చిన మర్నాడే పూర్తిగా కట్టేసే మనిషి ఆయన. ‘అయితే నేనే అమాయకుణ్ణన్నమాట’ అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు గుచ్చుకుంది.

ఆ రాయితీ మొదటిదేమీ కాదు. 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం తగ్గించారు. అప్పట్లో ఖజానాకు దాదాపు 300 కోట్ల రూపాయలు వచ్చాయి. రెండేళ్లు తిరగకముందే రెండోసారి ఇచ్చారు. దానికి పెట్టిన జనవరి 10 గడువు 31కి, అక్కడి నుంచి ఫిబ్రవరి 15కి జరిగింది. పొరుగున కర్ణాటక కూడా 2023 ఫిబ్రవరిలో 50 శాతం తగ్గించింది. వసూళ్లవరకు చూస్తే ఇదంతా విజయమే. రోడ్డు మీద దీని అర్థం వేరు. వెయ్యి రూపాయల జరిమానా అసలు ఖరీదు 200 అని, కాస్త ఓపిక పట్టాలంతేనని ప్రభుత్వమే చెప్పినట్టయింది.

ట్రాఫిక్ నిబంధనల గురించి చర్చ వచ్చినప్పుడల్లా మనవాళ్లకు మొదట తోచేది జరిమానాలు పెంచడం. 2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్ట సవరణ చేసింది అదే. హెల్మెట్ లేకపోతే వెయ్యి, మద్యం తాగి నడిపితే మొదటిసారి 10 వేల దాకా అంది. అంకె ఎంతైనా, అది పడుతుందన్న నమ్మకం లేకపోతే ఎవరికీ భయం ఉండదు. రోజూ ఎల్లో లైటు చూసి వేగం పెంచేవాడికి ఎప్పుడో ఒకసారి ఫోనుకు సందేశం వస్తుంది. తెరిచి చూస్తే తన బండి వెనకభాగం ఫొటో. ఏ రోజు, ఏ తొందరలో అక్కడ ఉన్నాడో అతనికే గుర్తుండదు. అతని దృష్టిలో అది తప్పుకు శిక్ష కాదు, కరెంటు బిల్లులాంటి మరో బిల్లు.

హైదరాబాద్‌లోనే దీనికి భిన్నమైన అనుభవం ఒకటుంది. 2011 చివర్లో మొదలైన డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే కేసే. బండి అక్కడే ఆగిపోతుంది. మర్నాడు ఆన్‌లైన్‌లో కట్టేసి చేతులు దులుపుకునే వీలు లేదు. భార్యనో తండ్రినో వెంటబెట్టుకుని పోలీసుల కౌన్సెలింగ్‌కు వెళ్లాలి, ఆపైన కోర్టు మెట్లెక్కాలి. మోతాదు ఎక్కువైతే జైలు కూడా. తాగి నడపడం ఆగిపోయిందని నేను అనను. వారాంతాల్లో పట్టుబడేవాళ్లు పట్టుబడుతూనే ఉన్నారు. కానీ శనివారం రాత్రి విందుకు బయలుదేరేముందే తిరిగి వచ్చేటప్పుడు బండి ఎవరు నడపాలో తేల్చుకోవడం చాలా ఇళ్లలో అలవాటైంది. క్యాబ్‌లో వెళ్దామనడం పిరికితనంగా ఎవరూ చూడటం లేదు. పది వేలు పోతాయని కాదు, నాన్న పక్కన కుర్చీలో కూర్చుని వినాల్సి వస్తుందని. అక్కడ 80 శాతం రాయితీ ఉండదు.

మన జనమే అంత అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. దీనికి అమెరికా వెళ్లిన మనవాళ్లను ఉదాహరణగా చూపి చూపి అరగదీశారు గనుక నేను అమీర్‌పేట మెట్రో స్టేషన్ దాకానే వెళ్తాను. అక్కడ అదే మనిషి పసుపు గీత వెనక నిలబడతాడు, ఎస్కలేటర్ దగ్గర తన వంతు కోసం ఆగుతాడు. మెట్లు దిగి, బండి స్టాండు తీసి, 50 మీటర్లు రాంగ్ రూట్‌లో వెళ్లి రోడ్డెక్కుతాడు. అయిదు నిమిషాల్లో మనిషి మారిపోలేదు. పైన ఎక్కడ నిలబడాలో, ఎటు నడవాలో స్పష్టంగా ఉంది, అందరూ అదే చేస్తున్నారు. కింద యూటర్న్ ఎక్కడో ముందుకెళ్తేగాని లేదు. కూడళ్లు మూసేసి డివైడర్లు కట్టుకుంటూ పోయినప్పుడు, ఎదురుగా కనిపించే మందుల దుకాణానికి వెళ్లాలంటే కిలోమీటరు పైగా చుట్టి రావాల్సిన ఇళ్లు ఎన్నో మిగిలాయి. చుట్టు తిరగమని చెప్పడం తప్పు కాదు. కానీ ఎక్కడ రాంగ్ రూట్ చలానాలు గుట్టలు పడుతున్నాయో ఆ చోటికి కెమెరాకంటే ముందు ఇంజనీరు వెళ్లి చూడాలి. ఒకే చోట రోజుకు వందమంది అదే తప్పు చేస్తుంటే ఆ వందమందితోపాటు రోడ్డునూ అనుమానించాలి.

హెల్మెట్‌కు అలాంటి సాకు ఏదీ లేదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 50,029 మంది హెల్మెట్ లేని ద్విచక్ర వాహనదారులు, వెనక కూర్చున్నవాళ్లు. కేంద్ర రవాణా శాఖ లెక్క ఇది. అయినా ఉదయం తొమ్మిదింటికి ఏ సిగ్నల్ దగ్గరైనా నిలబడి చూడండి. హెల్మెట్లు బాగానే కనిపిస్తాయి, మోచేతులకు, పెట్రోలు ట్యాంకుల మీద. కూడలి పది గజాల దూరంలో ఉండగా అవి తలలమీదికి ఎక్కుతాయి, దాటగానే దిగుతాయి. గడ్డం కింద బకిల్ పెట్టేవాళ్లు తక్కువ. మొన్న నా ముందాగిన స్కూటర్ నంబరు ప్లేటులో చివరి రెండంకెల మీద పాత కరోనా మాస్కు ఒకటి ఒద్దికగా వేలాడుతోంది. మాస్కును బండికి తొడిగి తలను గాలికి వదిలేశాడు. కెమెరాకు భయపడమని నేర్పాం, అతను కెమెరాను జయించే విద్య నేర్చుకున్నాడు.

జరిమానా చిన్నదే ఉండనివ్వండి, వందో రెండొందలో. తప్పు చేసిన రోజే ఫోనుకు రావాలి. నెలలో కడితే అంతే, ఆ తర్వాత పెరగాలి తప్ప తగ్గకూడదు. నెల దాటకుండా కట్టినవాళ్లకు, ఏడాదంతా ఒక్క చలానా లేనివాళ్లకు బీమా ప్రీమియంలోనో మరోచోటో తగ్గింపు ఇవ్వదలిస్తే ఇవ్వండి. రాయితీ అనే మాట నిజానికి వాళ్లకు చెందాలి. ఇప్పుడున్న పద్ధతి దానికి తలకిందులు.

మా పక్క ఫ్లాటు పెద్దాయనకు ఈ మధ్య మళ్లీ ఒక చలానా వచ్చింది. స్టాప్ లైన్ దాటి నిలబడ్డందుకు, వంద రూపాయలు. లిఫ్టులో కలిసినప్పుడు కట్టేశారా అని అడిగాను.

‘చూద్దాంలెండి, తొందరేముంది’ అన్నారు.