ఇంకా పుట్టని పెద్దమనిషి నుంచి సిబిల్ స్కోరు గారికి

అప్పులు తీర్చే తీరుని బట్టి మనుషులకి మార్కులు వేసే శ్రీ సిబిల్ స్కోరు గారి దివ్యసముఖమునకు,

తాడేపల్లిగూడెం నుంచి ఒక కిరాణా కొట్టువాడు రాసుకున్న విన్నపాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. మీరు బాగుంటేనే మేం బాగుంటామని బ్యాంకు మేనేజరుగారి మొహం చూసినరోజే తెలిసింది.

ముందు నా సంగతి చెప్పుకోవాలి, మీ దగ్గర నా సంగతేమీ లేదని తేలింది గనక. మా కొట్టు 1986లో మా నాన్నగారు పెట్టింది. మీ సిబిల్ కంపెనీ పుట్టింది 2000లో. చిన్నవారే అయినా మర్యాద తగ్గించను, పని మీతోనే కదా. ఆ మాటకొస్తే మనిద్దరిదీ ఒకటే వృత్తి. మీ దగ్గర కంప్యూటరు, నా దగ్గర ఎర్రట్ట ఖాతా పుస్తకం. ఎవరు ఒకటో తారీఖునే బాకీ తెచ్చిస్తారు, ఎవరు మా వీధి తప్పించి చుట్టూ తిరిగి పోతారు, అన్నీ అందులో ఉంటాయి. గల్లాపెట్టె వెనక "నేడు నగదు, రేపు అప్పు" అని బోర్డు కూడా ఉందండోయ్. దాన్ని ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు, నాతో సహా.

కిందటేడు వానలకి కొట్టు రేకులు కారుతుంటే, స్లాబు వేసి పనిలో పనిగా ఒక డీప్ ఫ్రీజరు కూడా పెడదామని నాలుగు లక్షల లోనుకి బ్యాంకుకెళ్లాను. ఏ బ్యాంకో చెప్పను. ముప్పై ఏళ్లుగా నా ఖాతా అక్కడే. మేనేజరుగారు పాన్ నంబరు కొట్టారు. స్క్రీను వంక చూశారు, నా వంక చూశారు, మళ్లీ స్క్రీను వంక చూశారు.

"మైనస్ ఒకటి వచ్చిందండీ" అన్నారు.

హైస్కూల్లో లెక్కల్లో నాకు సున్నా వచ్చింది గానీ, సున్నా కింద ఏనాడూ రాలేదు. "నేనెవరికీ రూపాయి బాకీ లేనండీ" అన్నాను.

"అదేనండీ ఇబ్బంది" అన్నారాయన.

మీ మార్కులు 300 నుంచి 900 దాకా ఉంటాయట. 750 దాటితే కుర్చీ వేస్తారట. బ్యాంకులో అప్పన్నది చెయ్యకుండా బతికినవాడికి మార్కులే ఉండవట, పరీక్షకే రానట్టు లెక్కట. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని మా నాన్న చిన్నప్పటి నుంచీ చెవిలో పోరేవాడు. మీ లెక్కలో అప్పు లేనివాడు ఇంకా పుట్టనేలేదు. యాభై నాలుగేళ్లొచ్చాక ఈ సంగతి తెలియడం కొంచెం కష్టంగానే ఉందండి.

మీకు కనపడనివి ఏమిటో తర్వాత మా అమ్మాయి వివరంగా చెప్పింది. మార్కెట్ వీధిలో వేసే చీటీ ఇరవై ఏళ్లలో ఒక్క నెలా తప్పలేదు. కనపడదు. రాజమండ్రి షావుకారు నోటిమాట మీద వ్యానుడు సరుకు పంపిస్తాడు. కనపడదు. ఫిక్స్‌డ్ డిపాజిట్టు ఉంది, అదీ మీ మార్కుల్లో కలవదు. మా ఆవిడ బీరువాలో ఉన్న బంగారం మీకు కనపడదు, అదే బంగారం తాకట్టు పెడితే మాత్రం చక్కగా కనపడుతుంది! తెలుగులో పరపతి అని ఒక మాటుంది. పదిమందిలో ఉన్న మర్యాదకీ అదే మాట, అప్పు పుట్టే యోగ్యతకీ అదే మాట. సహకార పరపతి సంఘం అని ఊరూరా బోర్డులు కూడా ఉండేవి. మీరొచ్చి ఆ మాటని రెండు ముక్కలు చేసి, మర్యాద ముక్క మాకొదిలేసి రెండోది పట్టుకెళ్లారు.

ఊరుకోలేదు లెండి. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో కొత్తవాడికి లోను కాదనొద్దని రిజర్వ్ బ్యాంకు చెప్పిందనీ, అదే మాట 2025 ఆగస్టులో ఆర్థిక శాఖ పార్లమెంటులో అందనీ పేపర్లో చదివి, ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని మళ్లీ వెళ్లాను. మేనేజరుగారు శ్రద్ధగా చదివారు. "నిజమేనండీ, ఆ ఒక్క కారణంతో కాదనం. ఇంకా చాలా కారణాలు చూస్తాం" అని టీ తెప్పించారు.

ఇక మావాడి తెలివి చూడండి. ఒక ఆదివారం మధ్యాహ్నం భోంచేసి, నా ఫోను తీసుకుని, ఆరు చోట్ల లోనుకీ కార్డుకీ దరఖాస్తు పెట్టేశాడు. ఎక్కడో ఒకచోట తగలకపోతుందా అని. ఆరుగురూ మీ గుమ్మం తొక్కి నా గురించి వాకబు చేశారు. ఎవరు, ఏ రోజు, ఎంత సొమ్ము కోసం అడిగారో మీరు ఆరు వరసలూ రాసుకున్నారు. ఇన్ని చోట్ల తిరుగుతున్నాడంటే అప్పు కోసం అల్లాడుతున్నాడని మీ లెక్కట, దాంతో మార్కులు జారతాయట. అప్పటికి నాకు జారడానికి మార్కులెక్కడున్నాయి! పెళ్లిచూపుల్లో మనం పదిమందిని చూస్తే పట్టింపు మనిషంటారు, మనల్ని పదిమంది చూసి వెళ్తే ఏదో లోపముందంటారు. మీ పద్ధతీ ఆ వీధి అరుగుల దగ్గర నేర్చిందే.

చివరికి మా అమ్మాయే దారి చూపించింది. నా యాభై వేలు బ్యాంకులో డిపాజిట్ చేస్తే, దాని మీద నలభై వేల లిమిట్‌తో నాకో క్రెడిట్ కార్డు. అంటే నా డబ్బు వాళ్ల దగ్గర పెట్టి, దాని బలం మీద వాళ్ల దగ్గరే అప్పు చేసి, నెలనెలా తీర్చి, నేను నమ్మదగినవాణ్ణని మీకు నిరూపించుకోవాలి. మా కొట్లో ఎవరైనా బస్తా బియ్యం తెచ్చి నా దగ్గర దాచి, అందులోంచి కిలో అప్పుగా ఇమ్మంటే వాళ్ల ఇంట్లోవాళ్లకి కబురు చేస్తాను.

నలభై వేలిచ్చారు కదా అని వాడితే ఊరుకోరు. ముప్పై శాతం దాటకూడదట, అంటే పన్నెండు వేలు. విస్తరినిండా వడ్డించి, మూడు ముద్దలు దాటితే తిండిపోతంటారన్నమాట. పైగా నెలనెలా బిల్లులో కనీస మొత్తమని చిన్న అంకె వేస్తారు. అది కడితే చాలు, మీ పుస్తకంలో ఆ నెల శుభ్రం. మిగిలినదాని మీద నెలకి నూటికి మూడు, మూడున్నర చొప్పున వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మా ఊళ్లో నూటికి మూడు తీసుకునేవాణ్ణి పిల్లలకి చూపించి భయపెడతారు.

ఈ మధ్యలోనే బావమరిది ట్రాక్టరు లోనుకి హామీ సంతకం పెట్టడం గురించి ఎక్కువ రాయను. అతను దున్నుతున్నాడు, ఆ లోను నా రిపోర్టులో కూర్చుంది. అంతే.

నా పుస్తకమే గొప్పదని అననండి. ఎవరైనా కొత్తగా ఖాతా అడిగితే "ఎవరి తాలూకు, ఏ వీధి" అంటాను. ఆ రెండు ప్రశ్నల్లో మూడోది దాక్కుని ఉంటుందని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. మీరు కులం అడగరు. ఈ ఒక్క విషయంలో నేను మీ ముందు తలెత్తలేను. కానీ రామాలయం వీధి టైలరు మూడు నెలలు బాకీ కట్టకపోతే, వాళ్లావిడకి ఆపరేషనని నాకు తెలుసు గనక ఆ పేజీలో పెన్సిలు గీతతో సరిపెట్టాను. మీ దగ్గర పెన్సిలు లేదు. నెలకో గడి, గడిలో ఎన్ని రోజులు ఆలస్యమో అంకె, అలా 36 నెలలు. ఆ గడిలో ఆపరేషను పట్టదు.

ఇంకో మాట. మీరు ఒక్కరు కాదట, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నలుగురట. జనం నలుగుర్నీ సిబిలనే అంటారు, ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు. నలుగురూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలట, తప్పుందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో తేల్చాలట, దాటితే రోజుకి వంద రూపాయలు మాకివ్వాలట. ఇది మాత్రం బాగుంది. ఈ సంగతి గోడ మీద పెద్దక్షరాలతో రాసిన బ్యాంకు నాకింతవరకు కనపడలేదు.

2025 మొదట్లో మహారాష్ట్రలో ముర్తిజాపూర్ అనే ఊళ్లో పెళ్లికొడుకు సిబిల్ చూసి సంబంధం వదులుకున్నారని వార్త వచ్చింది. అది చదివిన దగ్గర్నుంచీ మా ఆవిడ సంబంధాల పుస్తకంలో గోత్రం పక్కన ఇంకో గీత గీసి ఉంచింది.

ఎనిమిది నెలలు కార్డు గీకగా గీకగా మీరు నాకు 748 వేశారు. మేనేజరుగారు "ఇంకో రెండు రావాలండీ, కొంచెం ఆగండి" అన్నారు. ఫ్రీజరు మాత్రం వచ్చేసింది. చీటీ పాడుకుని కొన్నాను, మీకు కనపడదు లెండి.

ఇట్లు,
ఎర్రట్ట పుస్తకం వాడు

తా.క.: ఈ ఉత్తరం రాస్తూ మధ్యలో మిమ్మల్ని ఫోనులో ఒకసారి చూసుకున్నాను. మనంతట మనం చూసుకుంటే మార్కులు తగ్గవని మా అమ్మాయి ఒట్టేసి చెప్పింది. అయినా ఎందుకైనా మంచిదని చెప్పులు విప్పి చూశాను.