శూన్య పరికల్పన: నేను చదివేశాను

చాలినంత సాక్ష్యం లేనిదే దేన్నీ నమ్మరాదని బోధించే శాస్త్రాల్లో స్టాటిస్టిక్స్‌ది పెద్దపీట. ఆ బోధను ఏళ్ళ తరబడి విని, నోట్సు రాసుకుని, దానికి జెరాక్సు కూడా తీయించుకున్న డిగ్రీ విద్యార్థి, ఆ సబ్జెక్టు పరీక్షకు తాను సిద్ధంగా ఉన్నాడా లేడా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు మాత్రం శాస్త్రాన్ని మర్యాదగా పక్కన కూర్చోబెట్టి మనసు మాట వింటాడు. మనసు ఎప్పుడూ మంచి మాటే చెబుతుంది. ఈ పరిస్థితిపై నిపుణుల సంఘాన్ని వేయాలని ప్రభుత్వాన్ని కోరేముందు, లభ్యమవుతున్న ఆధారాలను మనమే ఒకసారి క్రమపద్ధతిలో పరిశీలించడం న్యాయం.

పరికల్పన పరీక్షలో మొదటి పని శూన్య పరికల్పనను, అంటే సాక్ష్యం కొట్టిపారేసేదాకా నిజమని అనుకునే మాటను, నిర్ణయించుకోవడం. "నేను సిద్ధంగా లేను" అని మొదలుపెట్టి, ఆ మాటను కొట్టిపారేయగల సాక్ష్యం దొరికేదాకా చదవడం పద్ధతి. ఈ పద్ధతిలో మొదటి రకం దోషం జరిగితే, అంటే సిద్ధంగా లేకుండానే ఉన్నానని తేల్చేసుకుంటే, సప్లిమెంటరీ ఫీజు కట్టాలి. రెండో రకం దోషం జరిగితే, అంటే సిద్ధంగా ఉండి కూడా లేనని భయపడితే, ఒక సాయంత్రం అదనంగా చదవాలి. రెండు నష్టాలనూ త్రాసులో వేసి చూసిన మన అభ్యర్థి, ఒక సాయంత్రం పోగొట్టుకోవడమే మహాపాతకమని నిర్ణయించి, "నేను చదివేశాను" అన్నదాన్నే శూన్య పరికల్పనగా స్వీకరిస్తాడు. ఇక దాన్ని తప్పని రుజువు చేయవలసిన బాధ్యత యూనివర్సిటీది.

సాక్ష్యం సేకరించడంలో అతనికి శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. ఎన్ని పేజీలకు పసుపు రంగు పూశాడో, లైబ్రరీలో ఎన్ని గంటలు కూర్చున్నాడో, ఎన్ని వీడియోలను రెట్టింపు వేగంతో చూశాడో అన్నీ నోటిలెక్కగా చెప్పగలడు. ఆల్ ఇన్ వన్ గైడు తెరిచి ప్రతిగమన రేఖల (ఒక రాశిని బట్టి మరో రాశిని అంచనా వేసే రేఖల) లెక్క ముందు కూర్చుంటాడు. ఎక్స్, వై, వాటి వర్గాలు, వాటి లబ్ధం అంటూ ఐదు నిలువు వరసల పట్టిక కనిపిస్తుంది. కింద మొత్తాలు ఉంటాయి. ఆ కింద సూత్రం, దాని కింద జవాబు ఉంటాయి. కళ్ళు పట్టిక మీదుగా జారి జవాబు దగ్గర ఆగుతాయి, తల రెండుసార్లు ఊగుతుంది, "ఈ స్టెప్పు తెలిసిందేలే" అనుకుంటూ చెయ్యి పేజీ తిప్పేస్తుంది. ఇందులో పెన్ను పాత్ర ఏమీ లేదు. వైని బట్టి ఎక్స్‌ను అంచనా వేసే రేఖ ఏదో, ఎక్స్‌ను బట్టి వైని అంచనా వేసే రేఖ ఏదో, కాలిక్యులేటర్‌లో క్రమవిచలనానికి (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలతకు) హారంలో ఎన్, అంటే అంకెల సంఖ్య, తీసుకునే మీట ఏదో, ఎన్ మైనస్ వన్ తీసుకునే మీట ఏదో, ఇవన్నీ పరీక్ష హాల్లో స్వయంగా కనుగొనవలసిన సత్యాలుగా మిగిలిపోతాయి.

గైడు మూసి, తెల్లకాగితం మీద అదే లెక్క చేసి చూసుకుంటే విషయం అరగంటలో తేలిపోతుంది. సరిగ్గా అందుకే ఆ పని ఎవరూ చేయరు. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవారికి బాగా గుర్తుంటుందన్న ధీమా ఎక్కువగా ఉంది. వారం తర్వాత ఎక్కువ గుర్తున్నది మాత్రం పాఠం మూసి జ్ఞాపకం తెచ్చుకునేందుకు ప్రయత్నించినవారికి. మనవాళ్ళు ఈ ఫలితాల్లో మొదటి సగాన్ని మాత్రం పూర్తి విశ్వాసంతో అమలు చేస్తున్నారు.

కొందరు నిజంగానే ఒక లెక్క చేస్తారు. ఒక్కటే. అది సరిగ్గా వస్తే చాప్టరు అయిపోయినట్టే. చిన్న ప్రతిరూపాలతో (శాంపిళ్ళతో) నిర్ణయాలు ఎలా చేయాలో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం గోసెట్ 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో చూపించాడు. విద్యార్థి లోకం ఆ పేరును తనదిగా భావించడంలో తప్పులేదు కానీ, పరిశీలన ఒక్కటే అయినప్పుడు స్వాతంత్ర్య పరిమాణం (ఇక్కడ పరిశీలనల సంఖ్య కన్న ఒకటి తక్కువ) సున్నా అవుతుందనీ, ఆ పద్ధతికి వాడే టి పట్టికలో సున్నాకు వరసే లేదనీ కూడా గమనించి ఉంటే బాగుండేది.

ఇక ఇంపార్టెంట్ క్వశ్చన్ల శాస్త్రం. ఎనిమిది చాప్టర్లలో నాలుగు చదివి, వచ్చే నాలుగు ప్రశ్నలూ ఆ నాలుగింటి నుంచే రావాలని కోరుకునే అభ్యర్థిని తీసుకుందాం. పేపరు పెట్టే పెద్దమనిషి ఎనిమిది చీటీల్లోంచి నాలుగు గుడ్డిగా తీశాడనుకుంటే, ఆ కోరిక నెరవేరే సంభావ్యత డెబ్బైలో ఒకటి. 1935లో గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ వివరించిన టీ కప్పుల ప్రయోగంలో వచ్చేదీ ఇదే అంకె: పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అని ఎనిమిది కప్పులను రుచి చూసి నాలుగూ నాలుగూగా సరిగ్గా విడదీయడం గాలివాటంగా జరిగే అవకాశం డెబ్బైలో ఒకటి. ఇంత అరుదైనది యాదృచ్ఛికంగా జరిగిందని నమ్మడం కష్టమని ఫిషర్ పద్ధతి చెబుతుంది. మనవాడు దాన్నే ప్రణాళికగా పెట్టుకుని నిద్రపోతాడు.

సందేహం తీరకపోతే సీనియర్లున్నారు. "అన్నా, స్టాట్స్‌కి ఎప్పట్నించి చదవాలి?" అంటే, "ముందురోజు రాత్రి చాలు తమ్ముడూ, నేనూ అంతే" అన్న జవాబు హాస్టల్ మెట్ల మీదే దొరుకుతుంది. అదే మాట నమ్మి తప్పినవారు ఆ మెట్ల మీద కూర్చుని సలహాలివ్వరు. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చిన విమానాల మీది దెబ్బలను చూసి, తిరిగిరాని విమానాల గతిని అంచనా వేసే లెక్కలు కట్టిన గణాంక శాస్త్రవేత్త అబ్రహం వాల్డ్‌కు ఈ మెట్లు చూసే భాగ్యం కలగలేదు. ఆయన 1950లో మన నీలగిరుల్లోనే విమాన ప్రమాదంలో మరణించాడు. ఎప్పుడు పరిశీలన ఆపి నిర్ణయానికి రావాలో చెప్పే పద్ధతిని 1943లో రూపొందించినదీ ఆయనే. అందులో ప్రతి మెట్టు దగ్గరా మూడు దారులుంటాయి: ఒప్పుకోవడం, కొట్టేయడం, ఇంకో పరిశీలన తీసుకోవడం. యుద్ధ సామగ్రి తనిఖీ త్వరగా ముగియాలని పుట్టిన ఆ పద్ధతిలో మనవాళ్ళకు మూడో దారి ఒక్కటే నచ్చింది. దానికి "పరీక్షలు వాయిదా వేయాలి" అని పేరు పెట్టి, పరిశీలన ఏదీ తీసుకోకుండానే ప్రిన్సిపాల్ గది ముందు బైఠాయిస్తారు.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు 1945లో, పాతికేళ్ళ ప్రాయంలో, నిష్పాక్షికమైన ఏ అంచనాకైనా ఉండే విచలనం చేతిలో ఉన్న సమాచారం నిర్ణయించే ఒక హద్దు కన్న తగ్గదని నిరూపించారు. సమాచారం ఎంత తక్కువైతే అనిశ్చితి అంత ఎక్కువ. దాదాపు సున్నా సమాచారంతో "పక్కా పాసవుతా" అనే విద్యార్థి ఈ సిద్ధాంతాన్ని ఉల్లంఘించాడని తొందరపడి ఆరోపించకూడదు. సిద్ధాంతం నిష్పాక్షిక అంచనాలకు సంబంధించినది. తన గురించి తాను వేసుకునే అంచనాలో నిష్పాక్షికత ఎక్కడిది?

నన్నడిగితే ఒక చిన్న పరీక్ష చాలు. రెండు రాశుల మధ్య సంబంధం ఎంత బలమైనదో చెప్పే సహసంబంధ గుణకం ఎప్పుడూ ఒకటి దాటదు. లెక్క చేస్తుండగా అది 1.3 వచ్చిందనుకోండి. పెన్ను అక్కడే ఆగి వెనక్కి వెళ్తే, ఆ అభ్యర్థిని హాల్లోకి పంపవచ్చు. చుట్టూ డబ్బా గీసి, కింద రెండు గీతలు కొట్టి, "సంబంధం చాలా బలంగా ఉంది" అని వ్యాఖ్య కూడా రాసేశాడంటే మాత్రం అతనికి ఇంకో సెమిస్టరు కేటాయించాలి.

ఈ సూచన అమలవుతుందన్న భ్రమ నాకు లేదు, ఎందుకంటే ఫలితాలు వచ్చాక కూడా మూల పరికల్పన చెక్కుచెదరదు. పాసైతే చదివినట్టే, తప్పితే పేపరు ఔటాఫ్ సిలబస్, లేదా దిద్దిన మాస్టారు ఆ పూట భోంచేయలేదు. వెంటనే రీవాల్యుయేషన్‌కు దరఖాస్తు వెళ్తుంది. తన చదువును రెండోసారి కొలిపించుకోవాలని అభ్యర్థి తనంతట తానుగా కోరుకునే సందర్భం మొత్తం డిగ్రీలో ఇదొక్కటే, అదీ ఎదురు డబ్బు కట్టి.