పెసరట్టు కన్నా ఆయన ఖాతా పుస్తకమే ముందు గుర్తొస్తుంది

విజయనగరం గంటస్తంభం దగ్గరి పాత హోటల్ మూతపడిందని, ఓనరు గారు ఇక లేరని మీ వ్యాసంలో చదివి మనసు పాడైపోయింది. మీరు పెసరట్టు ఉప్మా గురించే ఎక్కువ రాశారు. నిజమే, అంచులు కరకరలాడుతూ, పైన ఉల్లి, పచ్చిమిర్చి తరుగు పెనం మీదే అద్దిన అట్టు అది. కానీ ఆయన చేసిన మేలు వేరే ఉంది.

1919లో మొదలైన మన మహారాజా సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకోవడానికి పల్లె నుంచి వచ్చినవాణ్ణి నేను. నెలాఖరుకి చేతిలో పైసా ఉండేది కాదు. మొహమాటపడి గుమ్మం దగ్గరే ఆగిపోతే, గల్లాపెట్టె దగ్గర్నుంచే "ఏటి బాబూ, అలా నిల్చున్నావేటి? లోపలికొచ్చి తిను, డబ్బులు తర్వాత చూద్దాం" అనేవారు. పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకంలో మా పేర్లు రాసుకునేవారే గానీ, నలుగురిలో బాకీ అడిగింది లేదు.

పైడితల్లి అమ్మవారి పండక్కి, ముందురోజు తొలేళ్ల రాత్రికే ఊరు కిటకిటలాడేది. పూజారి గారిని పొడవాటి మాను మీద కూర్చోబెట్టి ఊరేగించే సిరిమాను రోజు కూడా రేటు పెంచేవారు కాదు, అది మామూలు విషయం కాదండీ.

వాళ్లబ్బాయి మళ్లీ ఎక్కడైనా హోటల్ పెడితే దయచేసి ఇక్కడ రాయండి. అప్పటి విద్యార్థులం చాలామందిమి వస్తాం.