మత్స్యవిశేషం అరకిలో

నిఘంటువు తెరిచి 'పరిగె' (నల్లగొండ వాళ్ల నోట 'పరక') అంటే ఏమిటని వెతికేవారికి తరచుగా 'మత్స్యవిశేషము' అన్న జవాబే ఎదురవుతుంది. 'జెల్ల' ఏమిటంటే అదీ మత్స్యవిశేషమే, 'వాలుగ' కూడా అంతే. ఇన్ని విశేషాలు చెప్పి, ఒక చేపకూ మరో చేపకూ తేడా మాత్రం చెప్పని పాండిత్యానికి నమస్కరించక తప్పదు.

ఆ పాండిత్యాన్నే నమ్ముకుని ఒక పండితుడు ఆదివారం పొద్దున నల్లగొండ చేపల మార్కెట్‌కు వెళ్లారనుకుందాం.

"అమ్మా, మత్స్యవిశేషము అరకిలో ఇప్పించండి."

"ఏం ఇసేషం సారు? పరకలున్నయి, జెల్లలున్నయి. గదెట్లుంటది?"

"చిన్నదిగా ఉండును."

"అన్నీ చిన్నయే గద సారు!"

పండితుడు మళ్లీ పుస్తకం తిరగేస్తారు, అందులో ఇంకో ముక్క ఉండదు. వెనుక నిలబడినవాళ్లు విసుక్కుంటారు. చివరికి ఆమే జాలిపడి, "తోక మొదట్ల నల్లసుక్క ఉంటదా, ఉండదా?" అని అడుగుతుంది. నిఘంటుకారుడు ఏనాడో అడగవలసిన ప్రశ్న అది.

ఇక పుట్టుక సంగతి. 'పరక' అన్న మాట చిన్న చేపను చెప్పే సంస్కృత 'శఫరి' నుంచి దిగిందని ఒక సభలో ఒక పెద్దమనిషి నిరూపించారు: శకారం రాలిపోయిందట, ఫకారం పకారమైందట, కకారం మాత్రం స్వయంభువట. లోతు నీళ్లలో తిరిగే రోహితానికి గర్వముండదనీ, బొటనవేలు మునిగే నీళ్లలోనే శఫరి ఎగిరెగిరి పడుతుందనీ చెప్పే శ్లోకం వారికి కంఠతా వచ్చు, అన్వయమే రాదు.

1822లో గంగానది చేపల మీద పుస్తకం అచ్చువేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే స్కాట్లండ్ వైద్యుడు బెంగాలీలు పిలుచుకునే పేర్లనే శాస్త్రంలోకి ఎక్కించాడు; తోక మొదట చుక్క ఉన్న ఆ చేపను ప్రపంచం నేటికీ 'పుంటియస్ సొఫోరే' అంటున్నది, అందులో 'పుంటి' బెంగాలీ మాటే. మరి నల్లగొండ దగ్గరి పానగల్లు ఉదయసముద్రం చెరువులో వల వేసేవాళ్లను, తొలకరి వరదకు ఎదురెక్కే చేపను చూడగానే పేరు చెప్పేవాళ్లను మన పండితులలో ఎందరు కలం పట్టుకుని అడిగారు? నీచు వాసన అంటూ గడప తొక్కనివ్వని ఆ మనుషుల నోటి మాటకు మూలం మాత్రం దేవభాషలోనే దొరకాలా? సిగ్గుండాలి!

వచ్చే ముద్రణలోనైనా దిద్దమంటే, సంపాదకవర్గమంతా శాకాహారులేనని జవాబు రావచ్చు. సరే, అలాగైతే ముందు ఆ 'వృక్షవిశేషము'ల సంగతి తేల్చండి.