అమ్మమ్మ పేరుకు తరుగు ఎంత?

పాత ఇత్తడికి ధర కట్టడం ఒక శాస్త్రం. దానికి విజయవాడ వన్‌టౌన్‌లో ఒక పీఠం ఉంది, పాత ఇత్తడి కొనే కొట్టు. అటక ఖాళీ చేసిన మీరందరూ అక్కడ దక్షిణ సమర్పించుకున్నవారే కనుక పరిచయం అక్కరలేదు.

మొన్న అమ్మమ్మ నాటి అజ్జరం ఇత్తడి బిందె తీసుకువెళ్లాను. పీఠాధిపతి దాన్ని గిరగిరా తిప్పి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తరువాత తరుగులు మొదలుపెట్టాడు. అడుగున చిల్లికి వేసిన మాటుకు తరుగు. మాటు ఇత్తడి కాదు కనుక ఒప్పుకున్నాను. చిలుముకు తరుగు. సొట్టకు తరుగు. సొట్ట పడిన ఇత్తడి లోపలికి పోతుంది గాని ఊరు విడిచి పోదు కదా! చివరికి అంచు మీద చుక్కలతో చెక్కించిన అమ్మమ్మ పేరు మీద వేలు పెట్టాడు.

"పేరుకు యాభై గ్రాములండీ."

"పేరుకు తరుగేమిటి?"

"చెక్కినచోట ఇత్తడి పోయింది కదండీ."

"పోయిన ఇత్తడి కాటా ఎక్కలేదు. ఎక్కనిదాన్ని మళ్లీ ఎలా తీసేస్తారు?"

ఆయన నా అజ్ఞానానికి జాలిపడ్డాడు. "ఇంటిపేరు కూడా ఉందండీ" అంటూ మరో ఇరవై కోశాడు. అమ్మమ్మ పేరులో రెండు ఒత్తులున్నాయి. వాటికి విడిగా ఎంతో అడిగే ధైర్యం చాలలేదు.

టెక్సాస్‌లో మా మేనల్లుడికి తుపాకీ గురి సరదా. కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు కొని, మందూ గుండూ మళ్లీ కూర్చుకుంటాడు. (ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ ముచ్చట తీర్చుకోబోతే 1959 నాటి ఆయుధాల చట్టం పలకరిస్తుంది.) అదీ ఇత్తడే, 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఒక్కసారే పేలినదానికి ఒక ధర, ఎన్నిసార్లు పేలిందో తెలియనిదానికి తక్కువ ధర. మూతి చీలినా, అడుగుకు కాస్త పైన మెరిసే వలయం కనిపించినా తుక్కు కిందే లెక్క. తళతళా తోమినంత మాత్రాన తెలిసినవాడు పైసా ఎక్కువ ఇవ్వడు. కొత్తదాని వెలకు దిగువన, తుక్కు వెలకు ఎగువన ఎక్కడో బేరం కుదురుతుంది. రెప్పపాటులో పేలి నేలరాలిన తొడుగుకు ఇంత జాతకం చూస్తారు. తరాల తరబడి కృష్ణ నీళ్లు మోసిన బిందెకు మాత్రం ఒత్తుల లెక్క!

నవ్వుకునేవాణ్నే. కాని 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఊళ్లోని సింగ్ నగర్‌ను ముంచి తీశాక, జనం ఇదే కాటా ముందు నిలబడడం చూశాను. వారికి బేరమాడే ఓపిక లేదు, డబ్బు ఆ పూటకే కావాలి. కడిగి తెచ్చిన గంగాళానికి బురద తరుగు కోశారు. ఒక ముసలామె దాన్ని కొంగుతో తుడుస్తూ "కడిగానయ్యా, కడిగానయ్యా" అంటూనే ఉంది. ఆమె చేతిలో నాలుగు నోట్లు పెట్టి తరువాతివారిని పిలిచారు. దీన్ని వ్యాపారం అనకండి. దొంగతనం. కాటా పెట్టి, రసీదు లేకుండా, పట్టపగలు చేసిన దొంగతనం.

బిందెను వెనక్కి తెచ్చుకున్నాను. గుమ్మం దాటుతుంటే పీఠాధిపతి పిలిచాడు, ఇంటిపేరు తరుగు వదిలేస్తాడట.